పనుకున్నాడు మేడమ్

"పనుకున్నాడు మేడమ్."

ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు డేకేర్‌కి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు ఇది. మూడింటికి మళ్ళీ చేశాను. "ఇంకా లేయలేదు మేడమ్, బాగా పనుకున్నాడు." ఏప్రిల్ నెల. అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నం ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. నేను ఆఫీసులో ఏసీ కింద కూర్చుని, పోనీలే, ఈ ఎండలో హాయిగా నిద్రపోతున్నాడు అనుకుని నా లెక్కలు నేను చూసుకున్నాను. వాడికప్పుడు పద్నాలుగు నెలలు.

ఐదు కావస్తుండగా వెళ్ళి ఎత్తుకుంటే తల నా భుజం మీద నిలవలేదు. పక్కకు వాలిపోయింది. పెదాలు ఎండిపోయి తెల్లగా పొట్టు లేస్తున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి. ఏడ్చాడు కానీ కన్నీళ్ళు రాలేదు. డైపర్ విప్పి చూస్తే పొడిగా ఉంది. ఆస్పత్రిలో డాక్టరు వాడి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలాడు. అది వెంటనే సర్దుకోలేదు. చిన్న మడతలాగా అట్లాగే కాసేపు నిలబడి, మెల్లగా దిగింది. "చివరిసారి ఉచ్చ ఎప్పుడు పోశాడమ్మా? ఎన్నిసార్లు కక్కాడు? బేదులు ఎప్పట్నుంచి?" అని అడిగాడు. నా దగ్గర ఒక్క జవాబూ లేదు. డేకేర్‌కి ఫోన్ చేసి అడిగితే వాళ్ళ దగ్గరా లేదు. అక్కడ రాసిపెట్టింది ఒక్కటే: ఏ బిడ్డ ఎన్ని గంటలకు వచ్చాడు, ఎన్ని గంటలకు వెళ్ళాడు. ఆలస్యమైతే అదనంగా డబ్బు వసూలు చేయడానికి అది పనికొస్తుంది.

రెండు రాత్రులు సెలైన్ ఎక్కించారు. మూడో రోజు ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పుడు వాడు బాగున్నాడు, కాబట్టే ఇది రాయగలుగుతున్నాను. రాయదలచుకున్నది మాత్రం ఆ ఒక్క మాట గురించి. పనుకున్నాడు.

పసిపిల్లల జబ్బుల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 1990లలో ఒక పద్ధతి తయారుచేశాయి. మన దేశంలోనూ దాన్నే కొద్దిగా మార్చి వాడుతున్నారు. డాక్టరు దగ్గరలో లేని చోట, మామూలు చదువు చదివిన ఆరోగ్య కార్యకర్త కూడా ప్రమాదాన్ని గుర్తుపట్టాలన్నది దాని ఉద్దేశం. రెండు నెలలు దాటిన, ఐదేళ్ళలోపు బిడ్డ విషయంలో అది ముందుగా చూడమనే ప్రమాద సంకేతాలు నాలుగే. పాలో నీళ్ళో తాగలేకపోవడం. తాగిందంతా కక్కేయడం. ఫిట్స్ రావడం. నాలుగోది, మగతగా పడి ఉండటం, లేపినా సరిగా లేవకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే.

ఆ నాలుగో సంకేతమే మన డేకేర్ల భాషలో మంచి వార్త. పనుకున్న బిడ్డ మంచి బిడ్డ. ఏడవడు, ఎత్తుకోమనడు, పక్క పిల్లల్ని కొరకడు. పన్నెండు మంది పిల్లలకు ఒక ఆయమ్మ ఉన్న గదిలో, ఆరుగురు పనుకుంటేనే మిగతా ఆరుగురికి ఆమె అన్నం పెట్టగలదు. తల్లులకు వాట్సాప్‌లో వచ్చే ఫోటోల్లో సగం నిద్రపోతున్న పిల్లలవే. మేమూ వాటికి లవ్ గుర్తులు పెడతాం. ఒంట్లో నీరు ఇంకిపోయి స్పృహ తప్పుతున్న బిడ్డా, కడుపునిండా తిని పడుకున్న బిడ్డా ఆ ఫోటోలో ఒకేలా ఉంటారు. తేడా తెలియాలంటే ఒకరు కూర్చుని లేపి చూడాలి, గ్లాసు పెదాలకు ఆనించి తాగుతాడో లేదో చూడాలి. దానికి మనిషి కావాలి. అదే అక్కడ లేదు.

అందుకే, ప్రతిసారీ ఇలాంటి ఘటన బయటికి రాగానే మన అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో మొదలయ్యే "సీసీ కెమెరాలు పెట్టించాలి" అన్న డిమాండ్ వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా వాడున్న డేకేర్‌లో కెమెరాలు ఉన్నాయి. నేను ఆ రోజు రెండుసార్లు చూశాను కూడా. కొట్టే చెయ్యి కెమెరాలో పడుతుంది. లేపని చెయ్యి పడదు. జబ్బుపడిన బిడ్డ విషయంలో నిర్లక్ష్యం అంటే చాలావరకు జరగాల్సింది జరగకపోవడమే. దానికి ఫుటేజీ ఉండదు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్తాను. ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే డేకేర్‌కి వెళ్ళి గొడవ చేశాను. కాగితం మీద ఫిర్యాదు రాసిచ్చాను. ఓనరు మేడమ్ చాలా మర్యాదగా విన్నారు, క్షమాపణ చెప్పారు, ఆ నెల ఫీజు వెనక్కిచ్చారు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, "ఆ ఆయమ్మను తీసేశాం మేడమ్, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నారు. నాకు సంతోషం వేసింది. న్యాయం జరిగిందనుకున్నాను. ఒక మనిషి ఉద్యోగం పోవడం అంత తృప్తిగా అనిపించడం ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

కొన్ని వారాల తర్వాత ఆ ఆయమ్మ కూరగాయల మార్కెట్ దగ్గర కనిపించింది. నేను తలతిప్పుకునేలోపే దగ్గరికొచ్చి, "బాబు ఎట్లున్నాడు మేడమ్?" అని అడిగింది. తర్వాత, కోపమేమీ లేకుండానే చెప్పింది. "పదకొండింటికే రెండుసార్లు కక్కినాడు మేడమ్. బేదులు కూడా అయినాయి. నేను ఓనరమ్మకు చెప్పినా. పిల్లోళ్ళకు మామూలే, ఊరికే ఫోన్ చేస్తే వాళ్ళు భయపడతారు, రేపట్నుంచి పంపరు, సాయంత్రం చూద్దాం అనింది. మీరు ఫోన్ చేసినప్పుడు ఆయమ్మ పక్కనే ఉండాది. ఏమని చెప్పల్ల?"

ఏమని చెప్పాలి? ఉద్యోగం పోతుందని భయపడి చెప్పలేదు. చెప్పనందుకు ఉద్యోగం పోయింది. నేనిచ్చిన ఫిర్యాదుతో ఆ డేకేర్‌లో మారింది ఆయమ్మ ఒక్కతే. పిల్లల సంఖ్య మారలేదు. ఫోన్ ఎవరు చేయాలన్న నియమం రాలేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక్కటైనా కొన్నారో లేదో నాకు తెలియదు, ఎందుకంటే అడగాలని నాకు తట్టలేదు.

ఇంకో మాట ఉంది. మా ఇంట్లో ఇద్దరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు పొద్దున వాడి ఒళ్ళు వెచ్చగా ఉంది. నాకు తెలుసు. పారాసెటమాల్ చుక్కలు వేసి, అరగంట ఆగి, చల్లబడ్డాక తీసుకెళ్ళి దించాను. డేకేర్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: జ్వరం ఉన్న పిల్లలను పంపరాదు. ఆ రోజు నేను సెలవు పెడితే జీతం కోత. ఆ నెలలో అప్పటికే రెండు కోతలు పడ్డాయి. మా ఆయన బెంగుళూరు షిఫ్టులో ఉన్నాడు. నేను అబద్ధం చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కానీ ఆ రోజు జరిగిన దాంట్లో మొదటి దాపరికం నాది.

నేనొక్కదాన్నే కాదని అనుకుంటున్నాను. చిన్నపిల్లల తల్లుల మధ్య దీనికి ఒక గుసగుస భాషే ఉంది. "చుక్కలేసి పంపేయ్, మధ్యాహ్నం దాకా ఏం కాదు." కొందరు జలుబు సిరప్ వేస్తారు. ఆ సిరప్‌లలో చాలావాటికి మత్తు తెప్పించే గుణం ఉంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద ముద్రించాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. అది వేసి పంపిన బిడ్డ అక్కడ మత్తుగా పడి ఉంటే, పాపం ఆ ఆయమ్మకు ఏది మందు నిద్రో ఏది జబ్బు నిద్రో ఎట్లా తెలుస్తుంది? తల్లి దాచింది. ఓనరు దాచింది. ఆయమ్మ నోరు నొక్కారు. ముగ్గురు ఆడవాళ్ళు, ముగ్గురికీ డబ్బు భయం. మధ్యలో మాటలు రాని బిడ్డ.

ఇక్కడ ఒక పెద్దమనిషి తప్పకుండా లేస్తాడు. "అందుకేనమ్మా, ఆ వయసులో తల్లి ఇంట్లో ఉండాలి. మా కాలంలో..." అంటాడు. అయ్యా, మీ కాలంలో ఈ జిల్లాలో ఏ తల్లి ఇంట్లో ఉంది? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. శెనక్కాయ విత్తినా, కలుపు తీసినా, కాయ ఒలిచినా చేసింది ఎక్కువగా ఆడవాళ్ళే. బిడ్డ గట్టున వేపచెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో ఉండేది. ఏడ్చి ఏడ్చి పనుకునేది. వాన మొహం చాటేసిన ఏడు బెంగుళూరుకు పోయి బిల్డింగుల దగ్గర ఇసుక మోస్తే, బిడ్డ ఆ ఇసుక కుప్ప మీదే. తల్లి ఇంట్లో ఉండిన స్వర్ణయుగం అనంతపురంలో కొన్ని మిద్దె ఇళ్ళలో ఉండి ఉంటుంది. చేనులో లేదు. డేకేర్ అనేది మన తరం ఉద్యోగస్తుల సోకు కాదు. పనికి పోయే తల్లి ఎప్పుడూ ఉంది. బిడ్డను చూసే మనిషికి కూలి ఇవ్వాలన్న ఆలోచనే లేదు.

నిజానికి ఆ ఆలోచన ఒకసారి చట్టంలోకి వచ్చింది. అదీ మన జిల్లా గడప తొక్కి వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశమంతటికీ ఆ పథకం మొదలైన ఊరు అది. 2005 నాటి ఆ చట్టానికి జత చేసిన షెడ్యూల్‌లో ఒక చిన్న నిబంధన పెట్టారు. పని జరిగే చోటికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకు మించి వస్తే, వాళ్ళను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలి. ఆమెకూ కూలి ఇవ్వాలి. పిల్లలకు నీడ, తాగే నీళ్ళు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. అంటే గుంత తవ్వడం ఎట్లా పనో, బిడ్డను చూడటం కూడా అట్లా పనే అని ఈ దేశపు చట్టం ఒప్పుకుంది.

నాకు ఈ నిబంధన చాలా ఇష్టం. మన కవిత్వంలో తల్లి మీద వచ్చిన ఎన్నో పద్యాలకంటే ఇష్టం. కానీ ఆ పనులు ముమ్మరంగా సాగేది ఎండాకాలంలో. నేను చూసిన పని చోట్లలో తవ్విన మట్టికి కొలత ఉంది, మస్టర్‌లో హాజరు ఉంది, వేపచెట్టు కింద ఉయ్యాల ఉంది. ఉయ్యాల పక్కన కూలి తీసుకుంటున్న మనిషి లేదు. ఓ ముసలమ్మో, ఏడేళ్ళ అక్కో ఉంది. ఆ ఉయ్యాల దగ్గరికి పోయి అడిగినా అదే మాట. పనుకున్నాడు.

పట్టణంలో చట్టం ఇంకా మర్యాదగా తప్పించుకుంటుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ముప్పై మందికి మించి మహిళలు పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాల్సి ఉండేది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, యాభై మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు క్రెష్ తప్పనిసరి చేశారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. బాగుంది. మా ఆఫీసులో ఉన్నది పద్దెనిమిది మంది. రాయదుర్గంలో జీన్స్ కుట్టే చిన్న యూనిట్లలో, ఇళ్ళల్లో, ధర్మవరం మగ్గాల దగ్గర, మన ఊళ్ళో బట్టల షాపుల్లో, ల్యాబుల్లో యాభై మంది ఎక్కడుంటారు? మనలో చాలామంది తల్లులు ఆ సంఖ్యకు కిందనే పనిచేస్తాం. రాజ్యాంగంలోని 45వ అధికరణం ఆరేళ్ళలోపు పిల్లలందరి సంరక్షణకు రాజ్యం ప్రయత్నించాలని చెప్తుంది. ప్రయత్నించాలి, అంతే. ప్రయత్నించకపోతే కోర్టుకు పోయే హక్కు దానితో రాదు.

సరే, ఇంత చెప్పాక, జబ్బు బిడ్డను గుర్తుపట్టే మనిషి అసలు ఈ దేశంలో లేదా? ఉంది. ప్రతి ఊళ్ళోనూ ఉంది. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైనప్పటి నుంచి అంగన్‌వాడీ కార్యకర్తల పనుల్లో ఆరోగ్య పరీక్షలకు సాయపడటం, జబ్బుపడిన బిడ్డను ఆస్పత్రికి పంపడం ఉన్నాయి. బిడ్డ బరువు తూచి, తగ్గితే పట్టుకునేది ఆమే. మన డేకేర్లలో ఇంగ్లీషు రైమ్స్ చెప్పే అమ్మాయికి తెలియనివి ఆమెకు తెలుసు. ఆ మనిషికి మనం ఏమిచ్చాం? 2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకు దిగేనాటికి కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. సమ్మె నలభై రోజులకు పైగా సాగింది. మధ్యలో, జనవరిలో, ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. ఈ తర్కం చూడండి. జీతం అడిగితే నువ్వు ఉద్యోగివే కావు, గౌరవ కార్యకర్తవి. పని ఆపితే నువ్వు అత్యవసర సేవవి. వాళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పడానికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. అంగన్‌వాడీలో కూడా మూడేళ్ళలోపు బిడ్డకు ఇంటికి తీసుకెళ్ళే సరుకులు తప్ప, రోజంతా చూసుకునే ఏర్పాటు మామూలుగా ఉండదు. పాల్నా పేరుతో కేంద్రం అంగన్‌వాడీలకు క్రెష్‌లు జోడిస్తానంటోంది. మంచిదే. కానీ అదే ఆయాకు, అదే గౌరవ వేతనానికి ఇంకో పన్నెండు మంది పిల్లల్ని జోడించడమే అయితే, మా డేకేర్‌కీ దానికీ తేడా బోర్డు రంగు మాత్రమే.

సమ్మె రోజుల్లో నేను ఏం చేశాను? ఏమీ చేయలేదు. టవర్ క్లాక్ వైపు పోతుంటే ట్రాఫిక్ ఆగిందని విసుక్కున్నాను. బిడ్డల్ని చూసే పనికి విలువ కట్టమని వాళ్ళు అడుగుతున్నది నా బిడ్డ కోసం కూడా అని ఆ రోజు నాకు తోచలేదు.

స్వీడన్‌లో ఒక మాట ఉంది. బిడ్డకు జబ్బు చేసిందని పని మానేసి ఇంట్లో ఉండటానికి వాళ్ళు ఏకంగా ఒక క్రియాపదం తయారుచేసుకున్నారు: వాబ్బా. మామూలుగా ఫోన్లో "ఈ రోజు నేను వాబ్ చేస్తున్నాను" అని చెప్పేస్తారు. తల్లైనా తండ్రైనా సరే. ఏడాదికి ఒక్కో బిడ్డకు 120 రోజుల దాకా, జీతంలో దాదాపు 80 శాతం సామాజిక బీమా నుంచి వస్తుంది. పిల్లలకు జలుబులు ఎక్కువగా వచ్చే ఫిబ్రవరి నెలను సరదాగా 'వాబ్రువారి' అని కూడా అంటారు. ఒక పనికి క్రియాపదం పుట్టిందంటే ఆ పని దొంగతనంగా చేయనక్కర్లేదని అర్థం. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. అంటే బిడ్డలకు జబ్బు చేస్తుందన్న సంగతి ప్రభుత్వానికి తెలుసు. ప్రైవేటు ఉద్యోగి బిడ్డకు, కూలి తల్లి బిడ్డకు, ఆ ఆయమ్మ బిడ్డకు మాత్రం జ్వరం రాకూడదు. తెలుగులో ఆ సెలవుకు మాటే లేదు. "ఒంట్లో బాగాలేదు సార్" అని బిడ్డ జ్వరాన్ని మన మీదేసుకుంటాం.

కాబట్టి, "జ్వరం ఉన్న పిల్లలను పంపరాదు" అన్న బోర్డు, జీతం కోత లేని సెలవు తోడు లేకపోతే, తల్లులకు అబద్ధం నేర్పే బోర్డు. అట్లాంటి పిల్లలకోసం రూపాయి ఖర్చుపెట్టకుండా, బాధ్యత మొత్తం తల్లి నోటి మీదికి నెట్టే బోర్డు.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలేమీ కావు. ప్రతి బిడ్డకూ రోజూ ఒక కాగితం: ఏం తాగాడు, ఎన్నిసార్లు ఉచ్చ పోశాడు, ఎప్పుడు లేచాడు. ఒక థర్మామీటరు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దాన్ని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలని తెలిసిన మనిషి. రెండుసార్లు కక్కితే ఓనరును అడగకుండా తల్లికీ తండ్రికీ ఫోన్ చేసే హక్కు ఆయమ్మకు, అదీ రాతపూర్వకంగా. ఫోన్ చేసినందుకు ఆమెను తీసేయకూడదు. ఫోన్ అందుకుని వచ్చినందుకు తల్లి జీతం కోయకూడదు. తండ్రి నంబరు కాగితంలో రెండో గడిలో కాకుండా మొదటి గడిలో రాయొచ్చు, దానికి జీఓ అక్కర్లేదు. డేకేర్లను కిరాణా షాపుల్లాగా ఎవరైనా ఎక్కడైనా తెరవగలిగే పరిస్థితి పోయి, తనిఖీ చేసే అధికారి ఒకరుండాలి. వచ్చిన అధికారి గోడల మీద బొమ్మలు చూడకుండా, ఆ కాగితాలు చూడాలి.

ఆ ఆయమ్మను మళ్ళీ పనిలోకి తీసుకోమని ఓనరు మేడమ్‌ను అడిగాను. "ఇప్పుడు వేరే ఆమె ఉంది మేడమ్, చాలా మంచిది, పిల్లలందర్నీ టైముకు పడుకోబెట్టేస్తుంది" అన్నారు. మా వాణ్ణి అక్కడ మాన్పించాను. ఇప్పుడు ఇంకో చోట దిస్తున్నాను, ఎందుకంటే ఉద్యోగం మానలేను. ఆయమ్మకు నా జీతం నుంచి ఏదో ఇవ్వబోతే తీసుకోలేదు. వేరే ఇంట్లో వంటపనికి కుదిరిందట.

కొత్త డేకేర్‌కి కూడా మధ్యాహ్నం ఫోన్ చేస్తాను. కొత్త ఆయమ్మ కూడా ఆ మాటే అంటుంది. నేను ఇప్పుడు ఫోన్ పెట్టేయను.

"ఒకసారి లేపి, రెండు గుక్కలు నీళ్ళు తాపి చూడమ్మా. నేను లైన్‌లోనే ఉంటాను."